యుద్ధము లేని విజయము

పిల్లలు కంప్యూటరు ముందు కూర్చుండి ఆడు ఆటలనుగూర్చి పెద్దలలో ఒక అభిప్రాయము స్థిరపడియున్నది. ఆ తెరమీద జరుగునది యుద్ధమే యనియు, గెలుపనగా ఎదుటివానిని నాశనము చేయుటయే యనియు వారు తలంతురు. చాల ఆటల విషయమున ఆ మాట నిజమే. కాని కత్తి దూయకయే తుదిదాక ఆడి గెలువదగిన ఆట యొకటి కలదు. దాని పేరు 'సివిలిజేషన్', అనగా నాగరికత. ఆ ఆటలో సంస్కృతిచేత గెలుచుట ఎట్లు, దానికి మొదటి ఘడియలలోనే ఎట్టి ఏర్పాటు కావలెను అను విషయమును నేడు ముచ్చటింపదలచితిని.

ఇట్టి గెలుపు మనకు బొత్తిగా క్రొత్తది కాదు. మన పులిజూదములో మేకలు పులిని చంపలేవు. చంపకయే, దాని దారులన్నియు ఒక్కొక్కటిగా మూసి గెలుచును. మేకలవైపు ఆడువానికి ఓర్పును ముందుచూపును తప్ప వేరు బలము లేదు. మొదట నాలుగు మేకలను తప్పుచోట పెట్టినవాడు పిమ్మట ఎంత తెలివిగా ఆడినను ప్రయోజనముండదు. మనము చెప్పుకొనబోవు ఆటయు అట్టిదే.

ఈ ఆటను సిడ్ మయర్, బ్రూస్ షెల్లీ అనువారు రూపొందింపగా 1991లో మైక్రోప్రోస్ సంస్థ వెలువరించెను. ఆడువాడు ఒక జాతికి నాయకుడై క్రీస్తుపూర్వము 4000వ సంవత్సరమున ఆరంభించి, నగరములు నిర్మించి, విద్యలు నేర్చి, యుగములు దాటివచ్చును. సంస్కృతిచేత గెలుచు మార్గము 2001లో వచ్చిన మూడవ కూర్పున మొదటిసారి చేరినది. ఫిరాక్సిస్ సంస్థ రూపొందింపగా 2005లో వెలువడిన నాలుగవ కూర్పునకు సోరెన్ జాన్సన్ ప్రధాన రూపకర్త. తరువాత ఐదవది 2010లోను, ఆరవది 2016లోను, ఏడవది 2025లోను వచ్చినవి. వానిలో సంస్కృతిని కొలుచు పద్ధతి మారుచు వచ్చినది. లెక్క స్పష్టముగా కనబడునది నాలుగవ కూర్పుననే గనుక దానినే ఉదాహరణముగా గ్రహించుచున్నాను.

అందలి నియమము చెప్పుటకు సులభము. సామాన్యవేగముతో సాగు ఆటలో మన నగరములలో మూడు, ఒక్కొక్కటి 50,000 సంస్కృతి మానములను కూడబెట్టవలెను. మొత్తము కలిపి చూచుట లేదు. ఒక నగరమున లక్ష యున్నను రెండవదాని లోటు తీరదు. కావున ఈ పందెములో విజయ ముహూర్తమును నిర్ణయించునది మూడింటిలో వెనుకబడిన నగరమే. రాజధానిని ఎంత వైభవముగా తీర్చినను, మూడవ నగరము నిదురించుచున్నంతకాలము గెలుపు రాదు. ఆడువారిలో పలువురు ఈ సంగతిని ఆట సగము గడచిన పిమ్మట గ్రహింతురు. అప్పటికి కాలము మించిపోయియుండును.

కాలము మించుట యనగానేమి? ఈ ఆటలో కట్టడములు ప్రతి వంతునను ఇంత సంస్కృతిని ఈనుచుండును. గ్రంథాలయము 2, నాటకశాల 3, దేవాలయము 1, మహానిర్మాణములు అంతకంటె ఎక్కువ. సంస్కృతినిచ్చు కట్టడములలో చాలవాటికి మరియొక గుణము కలదు. కట్టినప్పటినుండి వేయి సంవత్సరములు గడచినచో అవి ఇచ్చు సంస్కృతి రెట్టింపగును. ఆట మొదట ఒక్కొక్క వంతునకు 40 సంవత్సరములు గడచిపోవును. పోనుపోను ఆ నడక మందగించును. క్రీస్తుపూర్వము 1000లో కట్టిన ఆలయము క్రీస్తుశకారంభమున రెట్టింపు ఫలమిచ్చును. క్రీస్తుశకము 1500లో కట్టినది రెట్టింపగుటకు 2500 రావలెను. ఆటయొక్క పంచాంగము 2050తో ముగియుచున్నది! అనగా 1050 తరువాత కట్టిన ఏ కట్టడమును ఆట ముగియులోపల రెట్టింపు కాజాలదు. ప్రాచీనత్వమును తరువాత డబ్బిచ్చి కొనుటకు వీలులేదు.

ఇక నగరముల సంఖ్య. మూడు నగరములే గెలువవలసియుండగా ఎక్కువ నగరములేల యని తోచును. ఇక్కడ మతముల ప్రసక్తి వచ్చును. ఆటలో ఏడు మతములు కలవు. ఒక్కొక్క మతమునకు సామాన్య దేవాలయము, దానికి మించిన మహాలయము అని రెండంతరములు. మహాలయము తానున్న నగరపు సంస్కృతిని నూటికి 50 చొప్పున పెంచును. కాని ప్రామాణిక పరిమాణముగల పటముపై ఒక మహాలయమును కట్టవలెనన్నచో దేశమున ఆ మతపు దేవాలయములు మూడుండవలెను. మూడు నగరములలో మూడు మహాలయములకు తొమ్మిది దేవాలయములు; ఒక నగరమున ఒక మతమునకు ఒకే దేవాలయము. కావున తొమ్మిది నగరములు. అనుభవజ్ఞులు తొమ్మిది అను సంఖ్యను పట్టుకొని కూర్చుండుటకు కారణమిదే. మూడు నగరములు కీర్తి గాంచును. ఆరు నగరములు వానికి గుడులు కట్టి, ధనమిచ్చి, కావలి కాచి, పేరు లేకయే మిగులును.

మతములనన్నింటిని మనమే స్థాపింపనక్కరలేదు. ధ్యానవిద్యను ముందుగా నేర్చినవారికి బౌద్ధమును, బహుదేవతారాధనను ముందుగా నేర్చినవారికి హిందూమతమును లభించును. వీనికై మొదటి వంతులలోనే పరుగెత్తు ఆటగాండ్రు కలరు. ఆ తొందరలో వ్యవసాయము, గనుల త్రవ్వకము నేర్వక పనివాండ్రను ఖాళీగా నిలుపుకొందురు. పొలము లేని దేవాలయమునకు దీపము వెలుగదు. మొదట అన్నము, పిమ్మట ఆలయము అనునదే తెలివిగల క్రమము. పొరుగువారి మతము మన నగరములకు తనంతట వచ్చుచుండును. మఠము కట్టి ప్రచారకులను పంపి దానిని మిగిలిన నగరములకు వ్యాపింపజేయవచ్చును. తరువాత వచ్చు ధర్మశాస్త్రవిద్యచే కన్ఫ్యూషియస్ మతమును, తత్త్వవిద్యచే తావో మతమును సంపాదించుటకు శాంతముగా ప్రయత్నింపవచ్చును.

అట్లే నగరములను ఒక్కసారిగా స్థాపించుటయు ప్రమాదమే. ప్రతి క్రొత్త నగరమునకు నిర్వహణవ్యయము కలదు. రాజధానికి దూరమైనకొలది అది పెరుగును. ఖజానా వట్టిపోయినచో విద్య ఆగిపోవును. దీనికి మందు గుడిసెలు. నగరము చుట్టునున్న భూమిలో ఒక గుడిసె వేయించి అందు జనమును పనిచేయనిచ్చినచో అది 10 వంతులకు పల్లెయగును. మరి 20 వంతులకు గ్రామమగును. మరి 40 వంతులకు పట్టణమగును. మొత్తము 70 వంతులు. నాటకవిద్య తెలిసిన పిమ్మట ఆ పట్టణముల రాబడిలో కొంతభాగమును నేరుగా సంస్కృతికి మళ్ళింపవచ్చును. మామిడిచెట్టు నాటినవాడు పండ్లకై తొందరపడినట్లు, 70 వంతుల ముందు వేయవలసిన గుడిసెను అవసరము వచ్చినప్పుడు వేసి లాభములేదు.

ఈ ముక్కలన్నియు కలిసి ఎట్లు పనిచేయునో చిన్న లెక్కతో చూతము. ఒక నగరమున కట్టడములవలన వంతునకు 40 సంస్కృతి వచ్చుచున్నదనుకొందము. ఇట్లే ఊరకున్నచో 50,000 చేరుటకు 1,250 వంతులు పట్టును. అంత ఆటయే లేదు. మూడు మతముల మహాలయములు నిలిచినచో నూటికి 150 పెరిగి 100 అగును. పిమ్మట వాక్స్వాతంత్ర్యమును పాలననీతిగా స్వీకరించినచో మరి నూటికి 100 చేరి 140 అగును. అప్పుడు సుమారు 357 వంతులు. ఆ 40 ఇచ్చు కట్టడములే వేయేండ్లు దాటి 80 ఇచ్చు నవియైనచో వంతునకు 280. సుమారు 179 వంతులు. క్రొత్తగా ఒక ఇటుకయైనను పేర్చకయే కాలము సగమైనది. తొలినాట చేసిన పనికి దొరికిన వడ్డీ అది. శ్రోతలకు ఆసక్తి కలిగింపగల మాట యొకటి: ఈ ఆటలో ప్రసారస్తంభము కూడ నగర సంస్కృతిని నూటికి 50 పెంచును. కాని అది చాల ఆలస్యముగా లభించును. అప్పటిదాక ఆగినవాడు వెనుకబడినట్లే.

కళాకారుల సంగతియు ఇట్టిదే. నగరమున ఒక కళాకారుని నియమించినచో వంతునకు 3 ప్రతిభామానములు చేరును. 100 చేరగానే ఒక మహాకళాకారుడు జన్మించును. తరువాతివానికి 200, ఆ తరువాత 300, అట్లు పెరుగుచుండును. మహాకళాకారుడు ఒక మహాకృతిని రచించి ఆ నగరమునకు ఒక్కసారిగా 4,000 సంస్కృతి ఇచ్చును. లేదా ఆ నగరముననే స్థిరపడి వంతునకు 12 చొప్పున ఇచ్చుచుండును. ఏది మేలు? మహాకృతిపై శాతముల పెంపు లేదు. స్థిరపడినవాని 12పై కలదు. పైన చెప్పిన మూడున్నర రెట్ల పెంపుతో ఆ 12 వంతునకు 42 అగును. 95, 96 వంతులలో అది 4,000ను దాటిపోవును. కావున అంతకంటె ఎక్కువ ఆట మిగిలియున్నప్పుడు స్థిరపడనిచ్చుట మేలు. తక్కువ మిగిలినప్పుడు మహాకృతియే మేలు. ఆ కృతులను గూడ వెనుకబడిన నగరమునకై దాచియుంచవలెను. ఐదుగురు మహాకళాకారులు కలిసి 20,000 ఇత్తురు. అది ఒక నగరపు గమ్యములో ఐదింట రెండు పాళ్ళు.

శాంతి యనగా నిరాయుధత్వమని ఈ ఆట చెప్పదు. ప్రత్యర్థులు మన సైన్యబలమును తమ బలముతో పోల్చుకొందురు. కావలి లేని ధనవంతుని ఇంటిమీద కన్నువేయని దొంగ యుండడు. కీర్తి గడింపవలసిన మూడు నగరములను సరిహద్దునకు దూరముగా, దేశము నడుమ ఎన్నుకొనవలెను. సరిహద్దు నగరములకు గోడలును విలుకాండ్రును ఉండవలెను. బలవంతుడగు పొరుగువాని మతమునే రాజ్యమతముగా గ్రహించుట, సరిహద్దులు తెరచి వర్తకము చేయుట మొదలగునవి గోడలకంటె గట్టి రక్షణ. చివరిఘట్టమున ఒక్క నగరము శత్రువు చేజిక్కినను అయిదువేలేండ్ల శ్రమ వ్యర్థమగును.

ఇక్కడ ఒక ప్రశ్నను దాటవేయరాదు. ఈ గెలుపు నిజముగా శాంతియుతమేనా? ఆటలో సంస్కృతి పెరిగినకొలది మన సరిహద్దు ముందునకు జరుగును. పొరుగువాని పొలములు మనవగును. ఒక్కొక్కప్పుడు అతని నగరములోని జనులు తిరుగుబాటు చేసి మనలో కలియుదురు. ఒక్క బాణమైనను వేయలేదు. అయినను అతడు నష్టపోయినాడు. కత్తి పట్టనివాడు ఎవరికిని హాని చేయనివాడని అనుకొనుట పొరపాటని ఈ ఆట తెలిసియో తెలియకయో బోధించుచున్నది. పిల్లలతో మాటలాడదగిన విషయమిది.

మరియొక సంగతిని గూడ వారితో చెప్పదగును. ఈ ఆటలో భారతదేశమునకు నాయకుడుగా మహాత్మాగాంధీని నిలిపినారు. మొదటి కూర్పులో ఒక లెక్కతప్పువలన ఆయన అణ్వస్త్రప్రియుడైనాడని ఒక కథ లోకమంతట ప్రాకినది. 2020లో వెలువడిన తన స్మృతిగ్రంథమున సిడ్ మయర్ ఆ కథ నిజము కాదని వ్రాసెను. ఐదవ కూర్పున మాత్రము ఆ వేళాకోళమును కావలెననియే చేర్చిరి. తెరమీది గాంధీ వేరు, చరిత్రలోని గాంధీ వేరు. అట్లే తెరమీది సంస్కృతి వేరు, మన యింటిలోని సంస్కృతి వేరు. త్యాగరాజకీర్తనను 4,000 అని గాని, గ్రంథాలయమును 2 అని గాని ఎవరును కొలువజాలరు. ఈ నాలుగవ కూర్పునకే క్రిస్టఫర్ టిన్ స్వాహిలీ భాషలోని ప్రార్థనకు స్వరము కూర్చెను. 'బాబా యెతూ' అను ఆ గీతము 2011లో గ్రామీ బహుమానము నందిన తొలి వీడియో ఆట సంగీతమయ్యెను. ఆటలోని కళను అంకెలు కొలిచినవి. ఆటకై పుట్టిన కళ మాత్రము అంకెలను దాటి జనుల చెవులకు చేరినది.

కావున, మీ యింట ఈ ఆట ఆడు పిల్లవాడున్నచో అతనిని కసరుటకు ముందు మూడు ప్రశ్నలడుగుడు. నీ మూడు నగరములేవి? వానిలో వెనుకబడినదేది? దానికై నేడేమి చేసితివి? మొదటి నూరు వంతులు దాటకముందే ఈ మూడింటికి సమాధానము చెప్పగలవాడు గెలుపు దారిలో నున్నాడు. చెప్పలేనివాడు ఇంకను కనబడినదెల్ల కట్టుచున్నాడని తెలిసికొనవచ్చును. ముందున్నవానిని మెచ్చుకొనుటలో కాలము గడపక, వెనుకబడినవానికి చేయందించుటయే ఈ ఆటలోని శాంతివిజయమునకు మూలసూత్రము.