చేతులు బరువెక్కినప్పుడు

నేటి ధ్యానమునకు నిర్గమకాండము 17వ అధ్యాయము చూద్దాము. రెఫీదీములో అమాలేకీయులతో యుద్ధము జరుగుతుండగా కొండమీద మోషే చేతులు బరువెక్కాయి. అహరోను, హూరు ఆయన విశ్వాసమును తప్పుపట్టలేదు. మొదట కూర్చోవడానికి ఒక రాయి తెచ్చి వేశారు. తరువాత చెరొక ప్రక్కన నిలిచి, ప్రొద్దు గ్రుంకువరకు ఆ చేతులను పట్టుకున్నారు.

నేడు మన సంఘాలలోను చేతులు బరువెక్కినవారున్నారు. వారు డిమెన్షియా, అనగా మతిమరుపు వ్యాధి వచ్చిన పెద్దలను ఇంట్లో చూసుకొనేవారు. 2023లో వెలువడిన ఒక అధ్యయనము ప్రకారం మన దేశములో అరవై ఏండ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి ఈ వ్యాధి ఉన్నదని అంచనా. ఆ భారము చాలావరకు భార్యమీదో, కూతురిమీదో, కోడలిమీదో పడుతున్నది.

ఒక కోడలి సంగతి ఆలోచించండి. అత్తగారికి అన్నం తినిపించి, మూతి తుడిచి, కంచం కడుగుతూ ఉంటుంది. అంతలో ఆ పెద్దామె అరుగుమీద కూర్చుని, "ప్రొద్దుటినుంచి నాకెవరూ అన్నం పెట్టలేదు" అని పొరుగువారితో అంటుంది. వారు నమ్ముతారు. ఆదివారం మందిరములో చూపులు మారతాయి. ఆ బిడ్డ ఎవరితో చెప్పుకోవాలి?

ఆమెకు ప్రార్థన కావాలి. దానితోపాటు నేర్పు, తోడు, విశ్రాంతి కావాలి. ఇందుకే అనేక చోట్ల ఇటువంటి కుటుంబాలవారిని పదిమందిని ఒకచోట కూర్చోబెట్టి, కొన్ని వారాలపాటు పాఠాలు చెబుతారు.

మొదటిది నేర్పు. ఆ పెద్దామె అబద్ధము చెప్పుటలేదు. తిన్న సంగతి ఆమె మెదడులో నిలువలేదు. "ఇప్పుడే తిన్నావుగా" అని వాదిస్తే కోపము పెరుగుతుంది. "ఆకలిగా ఉందా అత్తయ్యా?" అని అరటిపండు ముక్క చేతిలో పెడితే మనసు కుదుటపడవచ్చు. సొంత ఇంట్లో ఉండి "ఇంటికి పోదాం" అనేవారిని ఆ ఇంటి కబుర్లు అడుగుతూ నాలుగడుగులు నడిపించవచ్చు. ఒకటి రెండు రోజులలోనే కలవరము హఠాత్తుగా పెరిగితే మాత్రము వెంటనే వైద్యునికి చూపించాలి. ఇన్ఫెక్షను వంటి వేరే కారణము ఉండవచ్చును.

రెండవది తోడు. "మా అమ్మ కూడా అంతే అంటుందమ్మా" అని ప్రక్కన కూర్చున్నామె చెప్పినప్పుడు, ఏండ్ల తరబడి మోసిన నింద సగము దిగిపోతుంది.

ఇది పెద్ద ఆసుపత్రులకే సాధ్యమా? కాదు. గోవాలో స్థానికులకే శిక్షణ ఇచ్చి, వైద్య నిపుణుల పర్యవేక్షణలో ఇటువంటి ఇండ్లకు పంపారు. సంరక్షకుల మనోవేదన తగ్గినదని 2008లో ప్రచురించారు. 1992లో కేరళలో ఆరంభమైన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాదులోను శాఖ ఉన్నది.

మూడవది విశ్రాంతి, మోషే క్రింద వేసిన రాయి అదే. కోడలు ఆ తరగతికి వస్తే ఇంట్లో అత్తగారి దగ్గర ఎవరుండాలి? ఈ ప్రశ్నకు జవాబు లేక ఎన్నో తరగతులు ఖాళీగా ఉంటాయి. స్త్రీల సమాజమా, యౌవనస్థులారా, ఆ రెండు గంటలు మీరు ఇవ్వగలరు. మందిరపు హాలు వారమంతా తాళము వేసియుండనేల? ఒక నర్సును పిలవండి, చాపలు పరవండి, టీ కాయండి.

ఒకరి భారము ఒకరు మోయుటయే క్రీస్తు నియమమని పౌలు గలతీయులకు వ్రాశాడు. ఈ వారము అటువంటి ఇంటి తలుపు ఒక్కటైనా తట్టండి. "ఆమె ఎలా ఉన్నది?" అని అడిగిన తరువాత, "నీవెలా ఉన్నావమ్మా?" అని కూడా అడగండి.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.