ఏటి గులకలలో కోతమిల్లు



ఏటిగట్టున పుట్టి పెరిగినవారికి ఒక సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. నది తన యొడ్డును తానే మార్చుకొనును. తాతలు పడవ కట్టిన రేవు మనుమల కాలమునకు ఇసుకమేట యగును. ఈ యేడు తోట యున్నచోట వచ్చే యేడు మోకాటిలోతు నీరుండును. లంకభూముల హద్దులకై తగవులాడుకొనిన గోదావరి రైతులకు ఇది అనుభవములోని విషయమే. అట్టి యేటి యొడ్డున, ఏనాడో కొట్టుకొనిపోయిన కట్టడమొకటి సరిగా ఎచ్చట నుండెనో కనిపెట్టవలసివచ్చిన, ఆధారమేమి? అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున అటువంటి వెదకులాట యొకటి జరిగినది. వెదకినది కోటకొరకు కాదు, గుడికొరకు కాదు. కలప కోయు మిల్లుకొరకు.

ఆ మిల్లు యజమాని జాన్ సటర్. స్విట్జర్లాండులో అప్పులపాలై, దేశము విడిచి, 1839లో కాలిఫోర్నియా చేరిన వర్తకుడు. నేడు శాక్రమెంటో నగరమున్న చోట కోట కట్టుకొని వ్యవసాయమును, పశువులను పెంచుకొనుచుండెను. ఆ నగర పరిసరములలో ఇప్పుడు తెలుగు కుటుంబములు కూడ నివసించుచున్నవి. ఆనాడు అది అడవిబీడు. సటరునకు కలప కరవు. 1847 ఆగస్టులో జేమ్స్ మార్షల్ అను వడ్రంగితో ఒప్పందము చేసికొనెను. పెట్టుబడియు, మనుష్యులును సటరువి. కట్టుటయు, నడపుటయు మార్షల్ పని. కోటకు సుమారు 45 మైళ్ల దూరమున, అమెరికన్ నది దక్షిణపు పాయ యొడ్డున, కొలోమా అను లోయను మార్షల్ ఎన్నుకొనెను. కొండవాలున పైన్ వృక్షములు, క్రింద పారు నీరు. ఇంతకన్న ఏమి కావలెను? ఆ లోయ నిసెనాన్ అను ఆదివాసులది. కొలోమా యను పేరు వారి మాటనుండి వచ్చినదే. పనికి కుదిరినవారిలో ఆ ఆదివాసులును, అమెరికా సైన్యమునుండి విడుదలయిన మోర్మన్ మతస్థులును ఉండిరి.

మిల్లు పనిచేయు తీరు సులభము. నదికి అడ్డుకట్ట వేసి, నీటిని కాలువగుండ తెచ్చి, చక్రముపై వదలిన, చక్రము తిరిగి నిలువు రంపమును పైకిని క్రిందికిని ఆడించును. వాడిన నీరు దిగువ కాలువగుండ మరల నదిలో పడును. చిక్కు వచ్చినది ఈ దిగువ కాలువలోనే. లోతు చాలక నీరు వెనుకకు తన్ని, చక్రమును తిరుగనీయదాయెను. పగలు పనివారు కాలువను త్రవ్విరి. రాత్రి నీటిని వదలగా, కదలిన మట్టియు గులకయు కొట్టుకొనిపోయెను. 1848 జనవరి 24వ తేదీ ఉదయమున మార్షల్ ఆ కాలువను చూడబోయి, నీటిలో మెరయు పచ్చని పలుకులను కనుగొనెను. రాతిపై నుంచి కొట్టగా అవి పగులలేదు, అణగినవి. వంటమనిషి జెన్నీ విమ్మర్ సబ్బు కాచు క్షారజలములో ఒక పలుకును వైచి ఉడికించగా వన్నె చెడలేదు.

మార్షల్ వానిని మూటకట్టుకొని సటరు కోటకు పోయెను. సటర్ ఆమ్లముతో పరీక్షించెను. అంతటితో తృప్తిపడక తన యొద్దనున్న విజ్ఞాన సర్వస్వమును తెరచి, బంగారమును గూర్చిన దీర్ఘ వ్యాసమును చదివెను. ఆ పిమ్మటనే అది మేలిమి బంగారమని నిశ్చయించెను. గ్రంథాలయపు సభలో ఈ చిన్న ముచ్చటను విడిచిపెట్టరాదు. ప్రపంచమును కదలించిన బంగారపు వేట మొదలగుటకు ముందు, అడవినడుమ ఒక కోటలో ఒకడు పుస్తకమును సంప్రదించెను.

తరువాతి కథ లోకవిదితము. ఫిబ్రవరి 2వ తేదీన, అనగా తొమ్మిది దినములకే, మెక్సికో కాలిఫోర్నియాను అమెరికాకు వదలుకొనుచు సంధిపై సంతకము చేసెను. బంగారము సంగతి సంధి వ్రాసినవారికి తెలియదు. కొలది సంవత్సరములలో దాదాపు 3 లక్షల మంది ఆ దేశమునకు వచ్చిపడిరి. సటరు భూములు ఆక్రమింపబడినవి, పశువులు దొంగిలింపబడినవి; ఆయన 1880లో వాషింగ్టన్ నగరమున, పరిహారమునకై ప్రాధేయపడుచునే మరణించెను. మార్షల్ 1885లో బీదతనమున పోయెను. ఆ ఇద్దరిని తలచుకొని జాలిపడువారు చాలమంది కలరు. కాని నష్టమంతయు వారిదే యనుట న్యాయము కాదు. 1848లో కాలిఫోర్నియా ఆదివాసులు సుమారు లక్షా 50 వేల మంది యని అంచనా. 1870 నాటికి మిగిలినవారు 30 వేలు. రోగములు, ఆకలి, తుపాకులు ఇరువది రెండేండ్లలో చేసిన పని యిది.

మిల్లు మాత్రమేమాయెను? ఆ మార్చి నెలలో అది కలప కోయ మొదలిడినది గాని, బంగారము దొరకుచోట దుంగలు కోయుటకు మనుష్యులు నిలుతురా? కొలది కాలమునకే అది మూలబడెను. గని పనివారు పలకలను, దూలములను ఊడదీసి గుడిసెలకు వాడుకొనిరి. ఏటిగర్భమును తిరుగవేసిరి, అడ్డుకట్టలు వేసిరి, పాయలను మళ్లించిరి. 1861-62 శీతకాలపు మహావరదలు ఆ రాష్ట్రమును ముంచెత్తినవి. బంగారము తరిగిన వెనుక జనము పోయిరి. ఒడ్డున చెట్లును పొదలును పెరిగి, గులకతిన్నెలు పరచుకొనినవి. 1890లో మార్షల్ సమాధిపై, కొండ మీద, ఆయన విగ్రహమును నిలిపిరి. బంగారము దొరకిన చోటువైపు విగ్రహము వ్రేలు చూపుచుండును. అయితే కొండమీదినుండి చూపిన వ్రేలు నదియొడ్డున గజము లెక్కకు పనికివచ్చునా?

చోటు సంగతి యటుండగా, తేదీయే చిక్కులో పడినది. మార్షల్ తన జ్ఞాపకమునుబట్టి జనవరి 18 మొదలు 20 వరకు చెప్పెను. లోకము 19 అని నమ్మినది. కనుగొనినవాని మాటకన్న ప్రమాణమేమి కలదని ఎవరైన అడుగవచ్చును. కలదు. మిల్లు పనివాడు హెన్రీ బిగ్లర్ దినచర్య వ్రాసికొనువాడు. అక్షరదోషములతో, ఒకటి రెండు వాక్యములలో, దిగువ కాలువలో బంగారమువంటి లోహము దొరకినదని అతడు 24వ తేదీ సోమవారము క్రింద వ్రాసియుంచెను. మరియొక పనివాడు అజరయ్య స్మిత్ ఆ వారాంతమున తన దినచర్యలో అదే సంగతి వ్రాసెను. పందొమ్మిదవ శతాబ్దపు కడపట చరిత్రకారులు ఈ వ్రాతలను సరిచూచి తేదీని దిద్దిరి. పేరుపడిన మనుష్యుని జ్ఞాపకముకన్న కూలివాని పుస్తకము నిజమైనది.

చోటు విషయమున నదియే మొదట సాక్ష్యమిచ్చెను. 1924లో నీరు మిక్కిలి తగ్గినప్పుడు ఒడ్డున గులకల నడుమ పాత దూలములు బయటపడినవి. అవి మిల్లువేనని కొందరు తలంచిరి. తలంపు వేరు, నిరూపణ వేరు. వేలమంది గుడిసెలు కట్టి, కాలువలు త్రవ్వి, అడ్డుకట్టలు వేసిన యేటిలో పాతకొయ్య కనబడినంతమాత్రమున ఏమి రుజువగును? వరద ఎక్కడినుండియో తెచ్చి పడవేసిన దుంగయు కావచ్చును. బంగారము దొరకి నూరేండ్లు నిండవచ్చుచుండగా, 1947లో బర్క్లీ విశ్వవిద్యాలయ పురావస్తు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హైజర్ అక్కడ క్రమపద్ధతిని త్రవ్వకము జరిపెను. మార్షల్ గీసిన మిల్లు బొమ్మయు, 1850 ప్రాంతమున తీసిన ఛాయాచిత్రమును సరిపోల్చుటకు ఉండెను. త్రవ్వకములో మిల్లు అడుగుభాగపు దూలములును, దిగువ కాలువ జాడయు, ఇనుప మేకుల వంటి సామానును బయల్పడినవి. దూలములు పడియున్నవి కావు, అమర్చియున్నవి. భేదమంతయు ఇందులోనే కలదు.

పైభాగము ఒక్క పలకయైన మిగులక, అడుగుభాగము నూరేండ్లు నిలుచుటకు కారణము మన పల్లెలలో అందరికి తెలిసినదే. పాతబావి అడుగున వేసిన కొయ్యచట్రము తరములు గడచినను చెడదు. ఎల్లప్పుడు నీటిలో మునిగి, గాలి తగులని కొయ్యకు కుళ్లు పట్టదు. ఎండయు వానయు మార్చిమార్చి తగిలిన కొయ్య పుచ్చిపోవును. అదిగాక, గులక క్రింద నున్న దూలమును గని పనివారు ఊడదీసికొని పోలేకపోయిరి.

1960 దశకము చివర, త్రవ్వకములో తెలిసిన సంగతులను, పాత చిత్రములను ఆధారముగా గొని, అదే కొలతలతో నూతన మిల్లు నొకటి కట్టిరి. దానిని పూర్వపు చోట కట్టలేదు. ఆ చోటు నదికి లోబడినది గనుక ఒడ్డునకు ఎడముగా కట్టిరి. యాత్రికులు దానిముందు నిలిచి ఛాయాచిత్రములు తీసికొందురు. అసలు చోట ఒక రాతి గుర్తు మాత్రము కలదు. గులకల క్రిందినుండి తీసిన పాత దూలములు కొన్ని ఆ ఉద్యానవనముననే భద్రపరచబడియున్నవి.

అదే ఉద్యానవనమున మరియొకటి కలదు. నేలబండలో గుంటలు గుంటలుగా అరిగిన రోళ్లు. నిసెనాన్ స్త్రీలు ఓక్ చెట్ల కాయలను దంచి పిండిచేసికొనిన చోటు అది. సటరు రంపము ఆడుటకు ఎంతయో ముందునుండి ఆ రోళ్లలో రోకటిరాళ్లు ఆడినవి. వానిని ఎవరును త్రవ్వి తీయవలసిన పని లేకపోయినది.