పరయా: డప్పు పోయి నింద మిగిలిన మాట



ఈ పూట ఒక్క మాట గురించే మాట్లాడతాను. ఇంగ్లీషులో అది ‘పరయా’. ఫ్రెంచి, జర్మన్ భాషల్లో ‘పారియా’. అంతర్జాతీయ రాజకీయాల వ్యాసాల్లో ‘పరయా స్టేట్’ అని మీరు చదివే ఉంటారు. ఈ మూడు భాషలకూ అది అరువు మాటే. మూలం తమిళం.

తమిళంలో ‘పరై’ అంటే డప్పు. చెప్పడం, చాటడం అనే అర్థం కూడా దానికి ఉంది. మలయాళంలో ఇవాళ్టికీ ‘పరయుక’ అంటే చెప్పడమే. పరయర్ అనే పేరు ఈ పరై నుంచి వచ్చిందన్నది ఎక్కువగా వినిపించే వివరణ. సంగం సాహిత్యంలోని పురనానూరులో పరయన్ నాలుగు కుడుల్లో ఒకటిగా కనిపిస్తాడు. అక్కడ ఆ పేరు తిట్టు కాదు. మన ‘పరాయి’తో దీన్ని కలిపేసేవాళ్లున్నారు. అది సంస్కృత ‘పర’ నుంచి వచ్చిన వేరే మాట.

పోర్చుగీసు వాళ్ల రాతల మీదుగా ఈ మాట యూరప్ చేరింది. 17వ శతాబ్దం మొదట్లోనే ఇంగ్లీషులో కనిపిస్తుంది. దక్షిణాదిలోని ఒక కులం పేరును యూరప్ వాళ్లు అంటరానివాళ్లందరికీ పెట్టేశారు. వీధికుక్కకు కూడా అదే పేరు పెట్టారు. 1824లో గోథే ‘పారియా’ పేరుతో కవితలు అచ్చు వేశాడు. 1838లో ఫ్రెంచి స్త్రీవాది ఫ్లోరా త్రిస్తాన్ తన పెరూ యాత్రాగ్రంథంలో తననే పారియాగా చెప్పుకుంది. మాక్స్ వెబర్ యూదులను పారియా జనంగా వర్ణించాడు. 1944లో హానా అరెంట్ ఆ మాటతోనే యూదుల స్థితిని వివరించింది.

వీళ్లలో కొందరు సానుభూతితోనే రాశారు, కాదనను. కానీ ఈ ప్రయాణంలో జరిగిన నష్టం చూడండి. ముందు డప్పు పోయింది, వెలి మాత్రం మిగిలింది. తర్వాత వెలివేసినవాడు కూడా మాయమయ్యాడు. ఇవాళ ‘పరయా స్టేట్’ అంటే తన దుర్మార్గం వల్ల ప్రపంచం దూరం పెట్టిన దేశం. పరయర్లు చేసిన దుర్మార్గం ఏమిటి? ఏమీ లేదు. తప్పు చేసింది వెలివేసిన సమాజం. అరువు మాట ఆ తప్పును తీసుకెళ్లి బాధితుడి పేరుకే అంటగట్టింది. నా అభ్యంతరం ఇదే.

ఆ పేరు గలవాళ్లు ఊరికే కూర్చోలేదు. 1893లో రెట్టమలై శ్రీనివాసన్ ‘పరయన్’ పేరుతోనే పత్రిక పెట్టారు. తిట్టును పత్రిక తలకట్టు మీదికి ఎక్కించారు. అయోతీదాస్ ఆ పేరునే తిరస్కరించారు, తన జనం పూర్వ బౌద్ధులన్నారు, 1907లో ‘ఒరు పైసా తమిళన్’ ప్రారంభించారు. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనవాళ్లు ‘పంచమ’ పేరు వదిలి ‘ఆది ఆంధ్ర’ అయ్యారు. 1922లో ఎం.సి. రాజా మద్రాసు శాసనమండలిలో పెట్టిన తీర్మానం ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర పేర్లను ప్రభుత్వ వ్యవహారంలోకి తెచ్చింది. 1927లో బాబాసాహెబ్ తన పత్రికకు ‘బహిష్కృత భారత్’ అని పేరు పెట్టారు. ఆ పేరు వినగానే బహిష్కరించింది ఎవరన్న ప్రశ్న లేస్తుంది. ‘పరయా’ అనే మాట ఆ ప్రశ్నను లేవనివ్వదు.

ఒకరు పేరు ఉంచుకున్నారు, ఒకరు వదిలేశారు, ఒకరు కొత్తది పెట్టుకున్నారు. దారులు వేరైనా, మా పేరు మేమే నిర్ణయించుకుంటాం అన్నదే అందరి పట్టుదల.

నలుగురిలో కులం పేరుతో దూషిస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. అదే కులం పేరు సంపాదకీయంలో అలంకారమైతే మాత్రం ఎవరికీ పట్టదు.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. అనువాదం చేసేటప్పుడు ‘పరయా స్టేట్’ ఎదురైతే ‘ఏకాకి దేశం’ అనండి, ‘ప్రపంచం దూరం పెట్టిన దేశం’ అనండి. తెలుగుకు ఆ శక్తి ఉంది. వెబర్‌నో అరెంట్‌నో చదివేటప్పుడు మాత్రం ఆ మాటను దాటెయ్యకండి. అక్కడ ఆగి, ఇది ఎవరి పేరు అని అడగండి. తరగతిలో మీ పక్కన కూర్చున్నవాళ్ల పేరే కావచ్చు. తమిళనాట పరై, మన దగ్గర డప్పు ఇవాళ ఆత్మగౌరవ సభల్లో మోగుతున్నాయి. నిఘంటువులు వదిలేసిన అర్థం అక్కడ వినిపిస్తోంది.

జై భీమ్.