దీపమును నాట్యమును

నాట్యమునకును యంత్రమునకును పొత్తు కుదురునా అను ప్రశ్న నేడు తరచుగా వినవచ్చుచున్నది. ఈ పొత్తు తెలుగువారికి కొత్త కాదని శ్రోతలకు మనవి చేయుచున్నాము.

నాగర్‌కర్నూలు జిల్లా బిజినేపల్లి మండలములో నంది వడ్డెమాను అను గ్రామము కలదు. కాకతీయుల సామంతులైన గోనవారు ఏలిన వర్ధమానపురము ఇదియేనని చరిత్రకారులు చెప్పుదురు. 13వ శతాబ్దమున ఆ వంశమువాడైన గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణమును ద్విపదలో రచించెనని ప్రసిద్ధి. ఆ ద్విపదను తమ పాటగా చేసికొని తోలుబొమ్మలాటవారు రాత్రులకు రాత్రులు రామకథ నాడించిరి.

ఆ ఆటలో ఎన్ని విద్యలు కలిసినవో చూడుడు. వెలుగు చొరబడునంత పలుచగా తోలును గీకి, రంగులద్ది, నగలున్నచోట సన్నని రంధ్రములు తొలుతురు. కాలుసేతులను విడిగా కత్తిరించి, కదలునట్లు కీళ్ళకడ దారముతో కూర్తురు. బొమ్మను తెరకు ఆనించినచో రూపము స్ఫుటమగును. దీపమువైపు జరిపినచో నీడ పెరిగి మసకబారును. ఆడించువాడు గజ్జెకట్టి తానును అడుగువేయును. స్త్రీపాత్రలకు స్త్రీలే గొంతునిత్తురు. ఈ కళాకారులలో పలువురు ఇంట మరాఠీ మాట్లాడి, తెరవెనుక తెలుగు పాడుదురు.

ఇన్ని చేతులు ఎట్లు కలిసినవి? అందరును ఒక్క తెరవెనుకనే ఉందురు. దీపము సవరించువానికి పాట తెలియును. పాడువానికి బొమ్మ కీలు తెలియును.

ఈ మర్మమును పాశ్చాత్యులు యంత్రయుగమున మరల కనుగొనవలసి వచ్చినది. 1966 అక్టోబరులో న్యూయార్కు నగరమున 10 మంది కళాకారులు, బెల్ ప్రయోగశాలలకు చెందిన సుమారు 30 మంది ఇంజనీరులు 9 రాత్రులు ప్రదర్శనలిచ్చిరి. నర్తకి లూసిండా చైల్డ్స్ ప్రదర్శనలో, చెవికి వినరాని ధ్వనితరంగముల నడుమ బాల్చీలు ఊగగా, ఆ చలనమే వినదగు శబ్దముగా మారినది. అందులకు వారు నెలల తరబడి కలిసి పనిచేసిరి.

మన ఊళ్ళ పాఠశాలల ఉత్సవములలో తరచుగా జరుగునది వేరు. పిల్లలు నెలనాళ్ళు అడుగులు నేర్తురు. దీపములవాడును మైకువాడును ప్రదర్శననాటి సాయంకాలము వత్తురు. చరణము నడుమ పాట తెగును; అభినయించు ముఖము చీకటిలో పడును. ఏ ఘట్టమున ఏ వెలుగు కావలెనో ఎవరును చెప్పని మనిషి, నింద మాత్రము మోయును. పిల్లల శ్రమయు అతని నేర్పును ఒక్కసారిగా వ్యర్థమగును.

ఉత్సవములు నిర్వహించువారికి మేము కోరునది స్వల్పము. స్విచ్చి నొక్కువానిని మొదటి అభ్యాసమునకే పిలువుడు. అతడు చెప్పు మాట నాట్యాచార్యులు వినవలెను. ఆచార్యులు చెప్పు తాళము అతడు నేర్వవలెను. ఆహ్వానపత్రికలో నర్తకుల పేళ్ళ ప్రక్కనే అతని పేరును అచ్చువేయింపుడు.