ముందు డిస్కు, తర్వాతే కార్ట్రిడ్జ్

రాయదుర్గం అనగానే అనంతపురం వైపు వాళ్లకు అక్కడి కోట గుర్తొస్తుంది. నేను మాట్లాడేది ఆ రాయదుర్గం గురించి కాదు. హైదరాబాద్ మెట్రో బ్లూ లైన్ ఆగిపోయే చోట, టీ-హబ్, టీ-వర్క్స్, వాటి చుట్టూ అద్దాల మేడలు ఉన్న రాయదుర్గం గురించి. పగలంతా అక్కడి ఆఫీసుల్లో కోడ్ రాసి, సెలవు దొరికితే కమొడోర్ 64 లాంటి నలభై ఏళ్ల నాటి కంప్యూటర్‌ను విప్పి చూడాలన్న సరదా ఉన్నవాళ్ల కోసం ఈ ప్రసంగం. ఫ్లాపీ డిస్కు మీద వచ్చిన పాత ఆటను ఫ్లాష్ కార్ట్రిడ్జ్‌లోకి మార్చడం ఆ సరదాల్లో ఒకటి. చక్కగా మార్చుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. కానీ కార్ట్రిడ్జ్‌లోకి ఎక్కేది డిస్కుకు మక్కీకి మక్కీ నకలు కాదు, ఆ ఆటకు ఇంకో కూర్పు. అందువల్ల డిస్కును ఉన్నదున్నట్టుగా దించి దాచుకున్నాకే మార్పిడికి కూర్చోవాలి. నా వాదన ఇంతే. ఎందుకో వివరంగా చెబుతాను.

ఈ మార్పిడి మనకు తెలియకుండానే మన ఇళ్లలోకి ఎప్పుడో వచ్చింది. 1990లలో మన ఊళ్లలో టీవీకి తగిలించి ఆడిన వీడియో గేమ్ పెట్టెలు చాలావరకు నింటెండో ఫామికామ్‌కు నకళ్లు. వాటిలో గుచ్చే కార్ట్రిడ్జ్‌ను మనం క్యాసెట్ అనేవాళ్లం. ఆ ఫామికామ్‌కు 1986 ఫిబ్రవరిలో జపాన్‌లో ఒక డిస్కు డ్రైవ్ వచ్చింది. ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ మొదట ఆ డిస్కు మీదే పుట్టింది. మరుసటి ఏడు దాన్ని అమెరికాకు కార్ట్రిడ్జ్‌గా పంపింది నింటెండోయే, అంటే దొంగ మార్పిడి కాదు, అసలు యజమాని చేసినదే. అయినా ఏం జరిగిందో చూడండి. డిస్కు డ్రైవ్‌లో అదనపు ధ్వని చానల్ ఒకటుండేది, కార్ట్రిడ్జ్‌లో అది లేదు, కాబట్టి సంగీతం పలచబడింది. జపాన్ ఫామికామ్ రెండో కంట్రోలర్‌లో మైకు ఉండేది. పోల్స్ వాయిస్ అనే పెద్ద చెవుల రాక్షసిని ఆ మైకులో అరిచి చంపవచ్చు. అమెరికా కంట్రోలర్‌కు మైకే లేదు. కానీ ఆ రాక్షసికి పెద్ద శబ్దమంటే పడదన్న వాక్యం మాత్రం అమెరికా మాన్యువల్‌లో అలాగే ఉండిపోయింది. ఆటలో ఉన్న ఈల ఊది చూసి, ఏమీ జరగక తల గోక్కున్న పిల్లలు ఎందరో. సొంత కంపెనీ చేతిలోనే ఇంత జారిపోయినప్పుడు, డిస్కు మీదే వచ్చిన జపాన్ ‘సూపర్ మారియో బ్రదర్స్ 2’ను తైవాన్ నకలుదారులు కార్ట్రిడ్జ్‌లోకి ఎక్కించినప్పుడు ఏమేమి తెగ్గోసి ఉంటారో ఊహించుకోవచ్చు.

ఇక పని ఎలా జరుగుతుందో చూద్దాం. కమొడోర్ 64నే తీసుకుందాం. దాని 1541 డ్రైవ్‌లో డిస్కు ఒక్కో వైపున 35 ట్రాకులు, 683 బ్లాకులు, మొత్తం 174848 బైట్లు. వాటిని ఆ డ్రైవ్ సెకనుకు సుమారు 400 బైట్ల చొప్పున నింపాదిగా అందిస్తుంది. 40 కేబీ ఆట ఎక్కడానికి నిమిషంన్నర దాటుతుంది. అదే కార్ట్రిడ్జ్ అయితే బైటును చదివి, మెమరీలో పెట్టి, లెక్క ఒకటి పెంచి, మళ్లీ మొదటికి వెళ్లే నాలుగు ఆదేశాల చిన్న వలయం చాలు. ఒక్కో బైటుకు 14 క్లాక్ సైకిళ్లు పడతాయి. ఒక మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ మీద కూడా అది సెకనుకు 70 వేల బైట్లు. ఆట అరసెకను దాటగానే తెర మీద ఉంటుంది. ఈజీఫ్లాష్ అనే కార్ట్రిడ్జ్‌లో ఒక మెగాబైట్ ఫ్లాష్ ఉంటుంది, 16 కేబీ చొప్పున 64 బ్యాంకులుగా. కంప్యూటర్‌కు ఒకసారి ఒక బ్యాంకే కనిపిస్తుంది. ఏ బ్యాంకు కావాలో ఒక రిజిస్టర్‌లో రాసి తిప్పుకోవాలి. డిస్కు వైపులు ఆరు పడతాయేమోనని లెక్క వేస్తే సరిగ్గా 512 బైట్ల దగ్గర ఆగిపోతుంది, ఇంజినీరుకు చికాకు పుట్టించడానికే అన్నట్టు. కుదించి పెడితే పడుతుంది, అది వేరే సంగతి. అసలు పనంతా ఆటలోని లోడర్ దగ్గర ఉంది. ఆట డిస్కును అడిగే చోటును వెతికి పట్టుకుని, దాన్ని తీసేసి, ఫలానా బ్యాంకు నుంచి ఇన్ని బైట్లు తెచ్చుకో అనే మన కోడును అక్కడ పెట్టాలి. ఆట కంప్యూటర్‌లోని మామూలు లోడ్ రొటీన్‌నే పిలుస్తుంటే ఇది ఒక రోజు పని. సొంత ఫాస్ట్ లోడర్ ఉంటే వారాలు పట్టవచ్చు, ఎందుకంటే 1541 డ్రైవ్‌లో కూడా ఒక ప్రాసెసర్ ఉంది. ఆ ఆటలు తమ కోడును డ్రైవ్‌లోకి పంపి అక్కడ నడిపిస్తాయి.

మార్పిడిలో అన్నిటికంటే ముందు దెబ్బ తినేది సేవ్ చేసుకునే సదుపాయం. డిస్కు మీద 256 బైట్ల బ్లాకును ఎన్నిసార్లయినా చెరిపి రాయవచ్చు. ఈజీఫ్లాష్‌లో వాడే తరహా ఫ్లాష్ చిప్‌లో ఒకటిని సున్నా చేయడం సులువే. సున్నాను తిరిగి ఒకటి చేయాలంటే మాత్రం 64 కేబీల భాగాన్ని మొత్తంగా చెరపాలి. అందుకే చాలామంది మార్పిడిదారులు సేవ్‌ను తీసేస్తారు, లేదా దాన్ని డిస్కుకే వదిలేస్తారు. ఓపిక ఉన్నవాళ్లు ఒక భాగాన్ని ఖాళీగా ఉంచి, కొత్త సేవ్‌ను పాతదాని వెనక వరసగా రాసుకుంటూ, అది నిండాకే చెరుపుతారు. నన్నడిగితే సేవ్ లేకుండా మార్చిన రోల్ ప్లేయింగ్ ఆట పనికిరాదు, మార్చకపోవడమే నయం. రెండో దెబ్బ కాపీ రక్షణకు. ఆ కాలపు ప్రచురణకర్తలు కావాలనే డిస్కులో చెడ్డ సెక్టార్లు, చదివిన ప్రతిసారీ వేరే విలువ ఇచ్చే బలహీన బిట్లు పెట్టేవారు. ఆట వాటిని వెతుక్కుని, కనబడకపోతే మొండికేసేది. కార్ట్రిడ్జ్ మీద అవి ఉండవు కాబట్టి ఆ తనిఖీనీ తీసేయాలి. అప్పుడప్పుడు తనిఖీ ఒకే చోట ఉండదు. నాలుగో అంకంలో తలుపు తెరుచుకోకపోవడానికి కారణం మీ మార్పిడిలో లోపమా, ఎక్కడో దాగిన తనిఖీనా? అసలు డిస్కు ప్రతి చేతిలో లేకపోతే ఈ ప్రశ్న తేల్చుకోవడం ఎవరి తరమూ కాదు.

అందుకే దించడం ముందు. దించడమంటే ఫైళ్లు కాపీ చేసుకోవడం అనుకోకండి. డిస్కు మీది అయస్కాంత మార్పుల మధ్య కాలవ్యవధుల్నే నమోదు చేయాలి. దాన్ని ఫ్లక్స్ ఇమేజ్ అంటారు. గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డుకు పాత పీసీ ఫ్లాపీ డ్రైవ్ తగిలిస్తే ఈ పని జరుగుతుంది. దాని డిజైన్, సాఫ్ట్‌వేర్ రెండూ బహిరంగమే. ఒక్కో ట్రాకును ఒక్క చుట్టుతో వదలకుండా కొన్ని చుట్లు చదివించండి. బలహీన బిట్లు బయటపడేది ఆ తేడాల్లోనే. అయితే డ్రైవ్‌లో పెట్టే ముందు డిస్కును కళ్లతో చూడండి. మన వానాకాలపు తేమకు అటక మీది ఫ్లాపీలకు బూజు పడుతుంది. హబ్ రంధ్రం దగ్గర పట్టుకుని మెల్లగా తిప్పుతూ కిటికీలోంచి చూస్తే తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. అలాంటిదాన్ని నేరుగా పెడితే డ్రైవ్ తల మురికవుతుంది, ఆ తల తర్వాతి డిస్కును గీకేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాకే పెట్టండి, ప్రతి డిస్కు తర్వాతా తలను తుడవండి. ఇంకొకటి. ఖర్చు కలిసొస్తుందని ఆ రోజుల్లో డిస్కు అంచుకు పంచింగ్‌తో ఇంకో గాడి కొట్టి, తిరగేసి రెండో వైపూ వాడేవారు. తిరగేస్తే ఇండెక్స్ రంధ్రం తప్పు చోటికి వస్తుంది కనుక పీసీ డ్రైవ్ చాలాసార్లు ఆ వైపు చదవనంటుంది. డ్రైవ్ చదవలేదు కదా అని డిస్కు చెడిపోయిందని పారేయకండి.

దాచినందుకు ఫలితం ఏమిటో చెప్పడానికి ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ను మించిన సాక్ష్యం లేదు. మన స్కూలు, కాలేజీ ల్యాబుల్లో ‘డేవ్’తో పాటు అందరూ ఆడిన ఆటే. జోర్డాన్ మెక్నర్ దాన్ని 1989లో ఆపిల్ 2 కోసం రాశాడు. కమొడోర్ 64కు అప్పట్లో అది రాలేదు. ఆపిల్ 2లో దానికి 128 కేబీ మెమరీ కావాలి, కమొడోర్‌లో ఉన్నది 64. మిస్టర్ సిడ్ అనే పేరుతో పనిచేసే ఆండ్రియాస్ వర్గా, మెమరీ లోటును ఈజీఫ్లాష్ కార్ట్రిడ్జ్‌తో పూడ్చి, 2011 అక్టోబరులో దాన్ని కమొడోర్‌కు తెచ్చాడు. సోర్స్ కోడ్ పోయిందని అందరూ అనుకుంటున్న రోజులవి. ఆపిల్ ఆటనే విప్పి, ఒక్కో రొటీన్‌నూ అర్థం చేసుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత కొన్ని నెలలకే, 2012లో, మెక్నర్ తండ్రికి ఇంట్లో ఒక పెట్టెలో ఆ సోర్స్ ఉన్న డిస్కులు దొరికాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చెందిన జేసన్ స్కాట్ తదితరుల సాయంతో వాటిని చదివి కోడును బయటపెట్టారు. ఇరవై ఏళ్లకు పైగా ఆ డిస్కులు బతికున్నాయి. అవి ఏ తుక్కు బండి ఎక్కి ఉన్నా, ఆ కోడు మనకు శాశ్వతంగా పోయేది.

ఈ పాత ఆటలన్నీ ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి కదా, ఎమ్యులేటర్‌లో ఆడుకోవచ్చు కదా అంటారు కొందరు. ఆడుకోవచ్చు. కానీ నెట్‌లో విరివిగా తిరిగేది చాలాసార్లు అప్పటి క్రాకింగ్ ముఠాలు రక్షణ విరిచి, తమ పేర్లతో పరిచయ దృశ్యం అతికించి, చోటు కోసం ఏదో ఒకటి కత్తిరించిన ప్రతి. మీ చేతిలో ఉన్నది వేరే కూర్పు కావచ్చు. దించి పోల్చేదాకా తెలియదు. ఇంకొందరు అసలు మార్చడమే ఎందుకు, మెమరీ కార్డుతో పనిచేసే డ్రైవ్ పెట్టుకుంటే పోలేదా అంటారు. ఇది బరువున్న ప్రశ్నే. ఆడుకోవడమే లక్ష్యమైతే నేనూ అదే చెబుతాను. అయితే ఎస్‌డీ2ఐఈసీ లాంటి చవక పరికరాల్లో 1541 ప్రాసెసర్ ఉండదు. తమకు ముందే తెలిసిన ఫాస్ట్ లోడర్లకే అవి జవాబిస్తాయి, కొత్తది ఎదురైతే ఆట నిలిచిపోతుంది. కార్ట్రిడ్జ్ మార్పిడి డ్రైవ్‌తో పని లేకుండా చేస్తుంది, ఆ ఒక్క లాభం చిన్నదేమీ కాదు. ఇంత శ్రమ దేనికి, కాలక్షేపానికేగా అనేవాళ్లకు నా జవాబు ఒకటే. 64 కేబీలో, బ్యాంకులు తిప్పుకుంటూ ఒక ప్రోగ్రామును నిలబెట్టినవాళ్లకు ఎంబెడెడ్ పని ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. 2023 మార్చిలో రాయదుర్గంలో తెరిచిన టీ-వర్క్స్ లాంటి ప్రోటోటైప్ కేంద్రం పక్కనే పెట్టుకుని, కార్ట్రిడ్జ్ బోర్డును, దాని ప్లాస్టిక్ తొడుగును సొంతంగా గీసి చూడకపోతేనే లోటు.

చట్టం మాటా చెప్పుకోవాలి. మన 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, కంప్యూటర్ ప్రోగ్రామును చట్టబద్ధంగా కలిగి ఉన్నవాళ్లు నష్టం నుంచి రక్షణకు బ్యాకప్ తీసుకోవడాన్ని ఒప్పుకుంటుంది. వ్యక్తిగతంగా, చట్టబద్ధంగా సంపాదించిన ప్రతి నుంచి వ్యాపారేతర సొంత వాడకానికి కాపీ చేసుకోవడం, మార్చుకోవడం కూడా అందులో ఉంది. ఈ వెసులుబాటు ఇంటి గడప దాటదు. పాతబడిపోయింది కాబట్టి హక్కు పోయిందనుకోవడం పొరపాటు. మన దగ్గర హక్కు 60 ఏళ్ల లెక్కన నడుస్తుంది, 1980ల ఆటలన్నీ ఇంకా దాని కిందే ఉన్నాయి. తెలిసి తెలిసి దొంగ ప్రతిని కంప్యూటర్‌లో వాడితే 63బీ సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా రాసి ఉంది. లాభం కోసం కాకపోతే కోర్టు తగ్గించవచ్చు. కాబట్టి మార్చిన ఆటను కార్ట్రిడ్జ్‌లో నింపి అమ్మకానికి పెట్టకండి. పదిమందికి పంచాలనిపిస్తే మీరు రాసిన లోడర్‌ను, మీరు మార్చిన బైట్ల తేడా ఫైలును పంచండి. ఆట ఉన్నవాళ్లు తమ ప్రతికి దాన్ని అతికించుకుంటారు. ఆ ఫైలుతో పాటు ఏ కూర్పు మీద పని చేశారు, ఏం తీసేశారు, సేవ్ ఏమైంది అని నాలుగు ముక్కలు రాసి పెట్టండి.

చివరిగా ఆటల మీద ఆసక్తి లేనివాళ్లకు కూడా ఒక విన్నపం. 1984లో మొదలైన క్లాస్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద దేశంలోని ఎన్నో బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. ఆ తర్వాత పీసీలు, వాటితో పాటు డీటీపీ సెంటర్లు వచ్చాయి. అప్పుడు పిల్లలు బేసిక్ భాషలో రాసుకున్న ఆటలు, డీటీపీ వాళ్లు కొట్టిన తెలుగు పుస్తకాల ఫైళ్లు విదేశీ ఆటల్లాగా ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకవు. అటక మీదో, ఆఫీసు బీరువాలోనో ఫ్లాపీలు కనబడితే పాత సామాన్లవాడికి వేసేయకండి. ముందు లేబుళ్లకు ఫోటో తీయండి, తడి తగలని చోట నిలువుగా పెట్టండి, డ్రైవ్ ఉన్నవాళ్ల చేత వీలైనంత త్వరగా చదివించండి. సోనీ ఫ్లాపీల అమ్మకం ఆపేసింది 2011లో. ఇప్పుడు పనిచేస్తున్న డ్రైవులు కూడా పాతవే.