చాయ్ బండి కాడ ఏం మాట్లాడుకుందాం?

(కార్మికవాడ సభలో ప్రసంగ పాఠం)



పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఏ చాయ్ బండి కాడ నిలబడ్డా వాదనలకు కొదువ లేదు. ఏ సినిమా ఆడుతది, ఇండియా మ్యాచ్ ఎందుకు ఓడింది, సర్పంచ్ ఎవరైతడు అని గంటలకొద్దీ కొట్లాడుకుంటం. మంచిదే. తరతరాలు మనల్ని నోరెత్తనియ్యలేదు. నలుగురిలో నిలబడి వాదించడం మనం గెలుచుకున్న హక్కు.

కానీ పని ముచ్చట రాంగనే గొంతు తగ్గిస్తం. పక్కన కాంట్రాక్టరు మనిషి ఉన్నడని, రేపు గేటు కాడ ఆపుతరని భయం. ఆ భయం ఉత్తది కాదు. కానీ మౌనం మనల్ని కాపాడిందా? 2025 జూన్ 30న పాశమైలారం పేలుడులో 40 మందికి పైగా కార్మికులు చనిపోయిన్రు. ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చినోళ్లు అందులో ఎందరో!

1942 నుంచి 1946 దాకా కార్మిక శాఖ చూసిన అంబేద్కర్, వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించాలని వాదించిండు. 1946లో అది చట్టమైంది. మనం పన్నెండు గంటల షిఫ్టు చేసొచ్చి, నోరు మూసుకొని, ఆయన విగ్రహానికి దండేస్తే సరిపోతదా?

క్రికెట్ వాదన ఆపొద్దు. దాని పక్కనే మూడు ప్రశ్నలు పెడదాం. అదనపు గంటలకు చట్టం చెప్పిన రెట్టింపు కూలి వస్తున్నదా? ఈఎస్ఐ కార్డు చేతికిచ్చిన్రా? రియాక్టరు కాడి పని ఏ కులపోళ్లకు, ఆఫీసు కుర్చీ ఏ కులపోళ్లకు?

ఒక్కడు అడిగితే గేటు మూస్తరు. వాడంతా అడిగితే ఎన్ని గేట్లు మూస్తరు? ఒడియా తమ్ముణ్ని కూడా పక్కన కూసోబెట్టుకుందాం. వచ్చీరాని హిందీలోనైనా ఈ వాదన నడవాలె.