బస్సు ఛార్జీ ఎవరు పెట్టాలి?

(బిలాస్‌పూర్ తోర్వాలో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రైల్వే పని వెంట ఇక్కడికొచ్చిన ఇళ్ల పిల్లలం మనం. మనకు ఆటంటే స్పోర్ట్స్ కోటా, కోటా అంటే ఉద్యోగం. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ కోటా దాకా వెళ్లే ఆడపిల్లను మొదట గ్రౌండ్‌లోకి తెచ్చేది ఎవరు? నేను చదివిన బడిలో ఆటల పీరియడ్ అంటే మగపిల్లలకు బంతి, మాకు చెట్టు నీడ.

అందుకే ఇవాళ కోచ్ నాగపురి రమేశ్ గురించి మాట్లాడాలనుకున్నాను. 2016లో ఆయనకు ద్రోణాచార్య అవార్డు వచ్చింది. నిషాదుల పిల్లవాణ్ణి చేర్చుకోనని పంపేసి, తనంతట తాను నేర్చుకున్నాక బొటనవేలు అడిగిన గురువు పేరది. 1985 నుంచి దేశం తన కోచ్‌లను ఆ పేరుతోనే సత్కరిస్తోంది. మనకు తప్ప ఎవరికీ ఎబ్బెట్టుగా లేదు.

రమేశ్ చేసింది దానికి పూర్తిగా ఎదురు పని. వరంగల్ జిల్లా కల్లెడలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టిన జీవంజి దీప్తిని ఊళ్లో పిచ్చిదన్నారు, కోతి అన్నారు, అనాథాశ్రమంలో వదిలేయమని తల్లిదండ్రులకు సలహా ఇచ్చారు. ఆ పిల్ల పరుగును మొదట గమనించింది బడి వ్యాయామ ఉపాధ్యాయుడు. తర్వాత రాష్ట్ర పోటీల్లో రమేశ్ చూసి హైదరాబాద్ పంపమన్నారు. ఆ ఇంట్లో బస్సు ఛార్జీకి కూడా డబ్బుల్లేవని ఆయనే పత్రికలకు చెప్పారు.

ఇక్కడే ఆగి ఆలోచించండి. ప్రతిభ ఉంది, కోచ్ ఉన్నాడు, మధ్యలో ఒక టికెట్. ఎంతమంది పిల్లలు ఆ టికెట్ దగ్గరే ఆగిపోయారో ఏ రికార్డులోనూ ఉండదు. దీప్తి ఆగలేదు. సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలో పరీక్షలు చేయించి, మేధోపరమైన వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరించాక, పారా పోటీల్లోకి వచ్చింది. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. కష్టకాలంలో అమ్ముకున్న పొలాన్ని ఆమె బహుమతి డబ్బుతో ఆ ఇల్లు తిరిగి కొనుక్కుంది. నాకు పతకం కన్నా ఆ పొలమే పెద్ద వార్త.

రమేశ్ దగ్గరే శిక్షణ పొందిన ఒడిశా నేతకారుల బిడ్డ ద్యుతీ చంద్‌ను 2014లో హార్మోన్ల పేరుతో పోటీలకు దూరం పెట్టారు. ఆమె క్రీడా న్యాయస్థానానికి వెళ్లింది. 2015లో ఆ నిబంధననే నిలిపివేశారు, 2016లో ఆమె రియోలో పరుగెత్తింది. ఆడపిల్లల కోచ్ అంటే స్టాప్‌వాచ్ పట్టుకుంటే సరిపోదు. దేహం మీద విచారణ జరుగుతున్నప్పుడు కూడా రోజూ పొద్దున గ్రౌండ్‌లో ఉండాలి.

మరి కల్లెడ బడి ఉపాధ్యాయుడు? ఈ అవార్డులు అంతర్జాతీయ పతకాలను చూసి ఇచ్చేవి. 1985లో మొదటిసారి అందుకున్నవాళ్లలో ఉన్న నంబియార్ కూడా 1976లో కణ్ణూర్ క్రీడా హాస్టల్‌లో చిన్నపిల్ల ఉషతోనే మొదలుపెట్టారు. పిల్లను గుర్తించినవాడూ శిక్షణ ఇచ్చినవాడూ ఒకరే కావడం అరుదు. మొదటి చూపు పడేది బడిలో, పేరు వచ్చేది రాజధానిలో.

రేపు ఇక్కడి బడులకు వెళ్దాం. ఆటల టీచర్ పోస్టు భర్తీ అయిందా? గ్రౌండ్ ఆడపిల్లలకు ఏ గంటల్లో ఇస్తున్నారు? జిల్లా పోటీలకు వెళ్లే పిల్లకు ఛార్జీ ఏ పద్దు నుంచి ఇస్తారు? నోటిమాటగా వద్దు, కాగితం మీద అడుగుదాం. ఆర్టీఐ దరఖాస్తు నేను రాసి తెచ్చాను. సంతకం పెట్టేవాళ్లు ముందుకు రండి.